పక్కింటిని అడగకుండా నాంపల్లి చూసొచ్చాను

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా వీధి ఆడవాళ్ళు ఒక్కటే అడుగుతున్నారు, చార్మినార్ ఎక్కావా అని. ఎక్కలేదు. గోల్కొండ? చూడలేదు. మరి మూడు వారాలు ఏం చూసొచ్చావమ్మా అంటే, నాంపల్లిలో ఒక గల్లీ చూశాను. అందులోనూ మూడిళ్ళకు ఒక ఇల్లు చొప్పున చూశాను. మిగతా రెండిళ్ళ వంక చూడొద్దని గట్టిగా చెప్పి పంపారు. ఇలాంటి యాత్ర ఇంకెవరూ చేసి ఉండరు కాబట్టి, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

నాంపల్లి స్టేషన్

నేను రాజమండ్రిలో ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెబుతాను. వేసవి సెలవుల్లో వడియాలు పెట్టడం తప్ప వేరే పనిలేకుండా కూర్చున్న నాకు ఒక కబురొచ్చింది. హైదరాబాదులో ఏదో సర్వే ఉంది, ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడగాలి, ఆడవాళ్ళయితే మంచిది, లెక్కలొచ్చినవాళ్ళయితే మరీ మంచిది అని. హైదరాబాదులో లెక్కలొచ్చిన ఆడవాళ్ళే లేరా అని మా నాన్న అడిగాడు. ఉన్నారట. కానీ ఆ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళకు ఎక్కడో ఒకచోట చుట్టమో పొరుగో అవుతారు, మొహమాటపడి నిజం రాయరు అని సర్వే పెద్దాయన సిద్ధాంతమట. దూరపు కొండలు నునుపన్న సామెతను నమ్మి ఉద్యోగాలిచ్చే ఆఫీసు నాకు తెలిసి ఇదొక్కటే.

రైలు దిగి ఖైరతాబాదులో మా పిన్నిగారింటికి రిక్షా మాట్లాడాను. ఎనిమిదణాలన్నాడు. నయాపైసలొచ్చి ఏళ్ళయినా ఈ ఊళ్ళో బేరం ఇంకా అణాల్లోనే నడుస్తోంది. సగం దారిలో నా పెట్టె పక్కన పెట్టిన ఆవకాయ జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ ఊడి, నూనె సీటంతా పాకింది. మా ఊళ్ళో అయితే ఈపాటికి వీధంతా పోగై పంచాయితీ మొదలయ్యేది. నేనూ తగువుకు సిద్ధపడి చీర కొంగు బిగించాను. రిక్షా అతను బండి ఆపి, సీటు మీద వేలు రాసి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"అబ్బో, గిదేంది తల్లీ! నోట్లె మంట పెట్టినట్టున్నది!"

"సీటు పాడైపోయిందయ్యా, తుడిచేస్తానుండు."

"సీటుకేం ఫికర్ లేదు. గీ తొక్కు జర పెట్టుండ్రి, ఇంటికి తీస్కపోత."

టిఫిన్ మూతలో నాలుగు ముక్కలు వేశాను. ఎనిమిదణాలకు ఆరణాలే తీసుకున్నాడు. మా అమ్మ ఆవకాయకు అంత గౌరవం మా ఇంట్లో ఏనాడూ జరగలేదు.

ఖైరతాబాద్

మా బాబాయి సెక్రటేరియట్‌లో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి ఇటు మారినప్పుడు ఫైళ్ళతోపాటు ఆయనా వచ్చాడు. పిన్ని వచ్చిన రోజునుంచీ ఈ ఊరికి వంకలు పెడుతూనే ఉంది. ఇక్కడి బియ్యం బాగుండవు, ఇక్కడి చింతపండు నలుపు, ఇక్కడివాళ్ళ తెలుగు తెలుగే కాదు. పక్కింట్లో ఎవరుంటారు పిన్నీ అంటే, "ఎవరో ఇక్కడివాళ్ళే" అంది. ఇన్నేళ్ళలో వాళ్ళ పేరు అడగలేదు. పాలు తోడు పెట్టడానికి చెంచాడు మజ్జిగ కావలసివస్తే మూడు వీధులు దాటి, మనవైపు వాళ్ళని ఎవరో గుంటూరు వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకుంటుంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గాని, మా పిన్ని ఆ కూర వాసన కూడా చూడలేదు.

ఆవకాయ సగమే వచ్చిందని నామీద విసుక్కుంది. రిక్షా అతనికి పెట్టానంటే మరీ విసుక్కుంది.

అబిడ్స్, మేడమీద

ఆఫీసు అబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం పైన. కింద గడియారాలన్నీ తలొక టైము చూపిస్తుంటాయి, పైన సాంబమూర్తిగారు ఒకే మాట చెబుతుంటారు. ఆయనే సర్వే పెద్దాయన. తెల్లటి లాల్చీ, చెవిలో పెన్సిలు, మాట మధ్యలో కళ్ళు మూసుకోవడం.

"ఏమ్మా, అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తారు?" అన్నారు, కూర్చోమనకుండానే.

"ఒక మెతుకు పట్టి చూస్తామండీ."

"రెండు చూడాలంటే?"

"రెండోది ఇంకోపక్క నుంచి తీసి చూస్తాం."

"అదీ! పక్కపక్క మెతుకులు చూడరు. ఇళ్ళూ అంతే. పక్కపక్క ఇళ్ళవాళ్ళు ఒకే కొట్లో కొంటారు, ఒకే నీళ్ళు తాగుతారు, ఒకే జబ్బు పడతారు. ఒకర్ని అడిగాక రెండోవాళ్ళను అడగడం శుద్ధ దండగ. ఒక ఇల్లు ఎంచామా, దానికి అటూ ఇటూ ఉన్న రెండిళ్ళూ కొట్టెయ్యాలి."

మాట అబద్ధం కాదు. లెక్కల పంతులమ్మగా నాకు నచ్చింది కూడా. తక్కువ ఇళ్ళు తిరిగి ఎక్కువ సంగతి రాబట్టే ఉపాయం. అయితే ఆయన దాన్ని ఉపాయంలా వాడటంలేదు, మడికట్టుకున్నట్టు వాడుతున్నారు. గల్లీ పటం చూపించారు. ఇళ్ళన్నీ గుండ్రంగా గాజులా గీసి ఉన్నాయి.

"గల్లీ గుండ్రంగా ఉంటుందాండీ?"

"తిన్నగానే ఉంటుంది. కానీ మొదటి ఇంటికి ఒకవైపే పొరుగుంటే సూత్రం కుదరదు కదా. అందుకని చివరి ఇంటిని తెచ్చి మొదటి ఇంటి పక్కన పెట్టాం."

ఆ రెండిళ్ళవాళ్ళకు ఈ చుట్టరికం గురించి చెప్పారా అని అడగబోయి ఊరుకున్నాను. సర్వే సంగతి ఏమిటంటే, ఇళ్ళల్లో మంచినీళ్ళ కొళాయిలున్నాయా లేవా అన్నది. ఇక్కడ కొళాయిని నల్లా అంటారు. లేని ఇళ్ళు ఎక్కువున్న గల్లీ మొదట్లో సర్కారు వీధి నల్లా వేయిస్తుంది. ఏ ఇంటితో మొదలుపెట్టాలో ప్యూను చేత చీటీ తీయించారు. రెండో ఇల్లు వచ్చింది. ఇక అక్కణ్ణుంచి మూడేసి ఇళ్ళకు ఒకటి. అటూ ఇటూ పొరుగిళ్ళు వాటంతటవే రాలిపోయాయి.

పని ముగిశాక ఆయనే ఇరానీ హోటలుకు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళకు తెర కట్టిన చిన్న గది ఉంది. పావలాకు ఇద్దరం చాయ్ తాగాం. మా ఊళ్ళో కాఫీ నురగతో నిండుగా ఉండాలి, లేకపోతే అత్తగారు పోసిందంటాం. ఇక్కడ చాయ్ సాసర్లోకి కూడా పొర్లించి తెచ్చి, ముందు సాసర్లోది తాగమంటారు. సాంబమూర్తిగారు పళ్ళెంలోంచి ఒక బిస్కట్టు తీసుకుని, దాని పక్కది వదిలి, తర్వాతది తీసుకున్నారు. అలవాటు కాబోలనుకుని పక్కవి నేను తినేశాను.

నాంపల్లి, మూడిళ్ళ గల్లీ

మర్నాడు గల్లీకి వెళ్ళాను. స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరం. ఒకే వరసలో ఒకే రకం ఇళ్ళు, పాత సున్నం గోడలు, గుమ్మాలకు ఆకుపచ్చ రంగు. మొదటి ఇంటి అరుగు మీద ఒకావిడ చింతపండు గింజలు తీస్తోంది. నా భుజాన సంచీ చూడగానే లేచి నిలబడింది.

"నీళ్ళ సంగతికి వచ్చినవా బిడ్డా? రా, జల్ది రా. రెండేండ్ల సంది చూస్తున్న."

నేను చెప్పేది వినకుండా చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టింది. పేరు సత్తెమ్మ. భర్త పోస్టాఫీసులో క్లర్కు. తాతలనాటినుంచీ ఈ ఊరే. మధ్యాహ్నం కావడంతో అన్నం పెట్టింది. పచ్చిపులుసు పోసింది. చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి, పొయ్యి మీద పెట్టకుండానే పోసేస్తారు. మా వైపు పులుసు కాగకుండా వడ్డిస్తే కోడలికి పుట్టిల్లే గతి. మొదటి ముద్దకు మొహం చిట్లించాను, మూడోసారి అడిగి పోయించుకున్నాను.

"నా బిడ్డ తొలిసూరు పురుడుకొస్తున్నది వరంగల్ కెంచి," అంది సత్తెమ్మ. "వచ్చే వారమే. ఇంట్ల సుక్క నీళ్ళు లేవు. టేసన్ కాడి నల్లా దాంక పోయి మోస్కరావాలె. నడుములు పోయినయ్ బిడ్డా. పచ్చి బాలింతకు స్నానమెట్ల పొయ్యాలె? ఇగ రాసుకో."

అప్పుడు చెప్పక తప్పలేదు.

"మీ ఇల్లు పడలేదండీ."

"ఏంది పడుడు?"

"సర్వేలో మీ పక్కిల్లు పడింది. అందుకని మిమ్మల్ని అడగకూడదు."

సత్తెమ్మ పులుసు గిన్నె కింద పెట్టేసింది. "గా ఇంట్ల నల్లా ఉన్నది బిడ్డా! నీళ్ళున్నోళ్ళను అడిగి నీళ్ళు లేనోళ్ళను ఇడిచిపెడ్తరా? ఇదెక్కడి పద్ధతి?"

నన్ను వీధిలోకి లాక్కొచ్చి వరసంతా చూపించింది. ఎప్పుడో ఒక జాగీర్దారు తన దగ్గర పనిచేసేవాళ్ళ కోసం కట్టించిన ఇళ్ళట ఇవి. మూడిళ్ళకు ఒక నల్లా, అది నడిమింట్లో. రెండువైపులా గోడల్లో చిన్న తలుపులు. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఆ తలుపుల్లోంచి వచ్చి నీళ్ళు పట్టుకునేవాళ్ళు. జాగీర్లు పోయాక ఇళ్ళు ఎవరికివారు కొనుక్కున్నారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆ తలుపులు ఇటుకలతో మూసేశారు. గల్లీ మొదటినుంచి చివరిదాకా ఇదే వరస. పక్కది, నడిమిది, పక్కది.

నేను నిలబడినచోటే లెక్క వేసుకున్నాను. రెండు, అయిదు, ఎనిమిది. చీటీ ఒక్క ఇల్లు కూడా తప్పకుండా నల్లా ఉన్న ఇళ్ళన్నిటినీ ఏరింది. పొరుగిళ్ళ పేరుతో మేము కొట్టేసినవన్నీ బిందె పట్టుకుని స్టేషనుకు నడిచే ఇళ్ళు. ఈ సర్వే ప్రకారం గల్లీలో ప్రతి ఇంటికీ నల్లా ఉంది.

ఆ మాట సత్తెమ్మకు చెప్పాను. ఆవిడ నడివీధిలో నిలబడి, గల్లీ చివరిదాకా వినపడేట్టు అరిచింది.

"విన్నరా! నల్లా ఉన్నోళ్ళనే అడుగుతరంట! వాళ్ళు ఉన్నదంటే, ఇగ ఈ జనమకు మనకు వీధి నల్లా రాదంట!"

ఇటూ అటూ కిటికీలు తెరుచుకున్నాయి.

మొజంజాహీ మార్కెట్

ఆ సాయంత్రం సాంబమూర్తిగారు మామిడిపళ్ళు కొంటుంటే మొజంజాహీ మార్కెట్లో పట్టుకున్నాను. బేనిషాన్ పళ్ళు బుట్టలో వరసగా పేర్చి ఉన్నాయి. ఆయన ఒకటి నొక్కి, పక్కవి వదిలి, దూరంగా ఉన్న ఇంకోటి నొక్కుతున్నారు.

"సాబ్, పండ్లు కొంటున్రా, పెండ్లి సంబంధం చూస్తున్రా?" అన్నాడు పండ్ల దుకాణపాయన.

నేను గల్లీ సంగతంతా చెప్పాను. మూడిళ్ళ వరస మన మూడిళ్ళ లెక్కమీద సరిగ్గా కూర్చుందండీ, ఒక్క ఇల్లు జరిపినా చాలండీ అన్నాను.

"ఒక్క ఇల్లు జరిపితే ఏమవుతుంది?" అన్నారు కళ్ళు మూసుకుని.

"ఒక్క నల్లా ఉన్న ఇల్లు కూడా పడదు."

"అప్పుడు గల్లీలో నల్లాలే లేవని వస్తుంది. అదీ తప్పే కదా. రెండు తప్పుల్లో మీకు నచ్చిన తప్పు ఎంచుకుంటారా? చీటీ తీశాక ఒకావిడ కన్నీళ్ళు చూసి ఇల్లు మార్చే హక్కు నాకు లేదమ్మా."

"మార్చొద్దు. ఆ పొరుగిళ్ళు కూడా కొన్ని అడుగుదాం."

"పొరుగిళ్ళా?" అన్నారు, శ్రాద్ధానికి ఉల్లిపాయ వండమన్నట్టు చూసి.

ఆయన చెప్పిన మొదటి సగం సరైనదే, అదే నాకు మంట. కన్నీళ్ళు చూసి ఇళ్ళు మార్చకూడదు. కానీ గల్లీని కళ్ళతో చూడకుండా పటం మీద గాజు గియ్యడం ఏ శాస్త్రంలో ఉంది? ఆ కోపానికి అక్కడే ఒక కప్పు మామిడి ఐస్‌క్రీము తిన్నాను. చేత్తో తిప్పి చేసినది, నిజం పండు రుచి. మా రాజమండ్రిలో ఐసంటే రంగునీళ్ళే. ఇంకో కప్పు తిన్నాను. ఆయన ఏరుకున్న మామిడిపళ్ళన్నీ పుల్లగా ఉన్నాయని మర్నాడు ప్యూను చెప్పాడు. నాకు చాలా సంతోషమైంది.

అనసూయమ్మ ఇల్లు

సత్తెమ్మ పక్కిల్లు అనసూయమ్మది. భర్తకు అబిడ్స్‌లో బట్టల దుకాణం. ఈ రెండిళ్ళకూ రెండేళ్ళుగా మాటల్లేవు. బోనాలనాడు సత్తెమ్మ ముందుగా వచ్చి, నల్లా ఇంటివాళ్ళ కంటే ముందు తన బోనం కుండకు నీళ్ళు పట్టుకుందట. అమ్మవారికి ఎవరి కుండ ముందు వెళ్ళాలన్నది పెద్ద సంగతేనని నాకూ అర్థమైంది. మావైపు జాతరల్లో ఇంతకంటే చిన్నవాటికే తలలు పగిలాయి. ఆ సాయంత్రమే గోడ తలుపు మూసేశారు. అప్పటినుంచి తెల్లారకముందే నీళ్ళు వచ్చే వేళకు ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ళు వీధి తలుపు కొడుతూనే ఉన్నారు.

వసారాలో కూర్చుని అడిగాను.

"మీ ఇంట్లో నల్లా ఉందాండీ?"

"లేదు. రాసుకో," అంది అనసూయమ్మ.

సరిగ్గా ఆవిడ వెనకాల నల్లా కింద బకెట్టు నిండుతోంది.

"మరి అదేమిటండీ?"

"అది గోడకు కొట్టిన ఇనుప ముక్క."

"నీళ్ళు కారుతున్నాయి కదా?"

"గోడ ఏడుస్తున్నది. నీకేంది? అడిగినవ్, చెప్పిన. రాసుకో." తర్వాత గొంతు తగ్గించింది. "చూడు చెల్లె, వీధిల నల్లా పడితే మా తలుపు కొట్టుడు బంద్ అయితది. రెండేండ్ల సంది నిద్ర లేదు నాకు. ఆమె మీద ప్రేమ అనుకునేవు!"

మిగతా నడిమిళ్ళలోనూ అదే జవాబు. ఒకింట్లో నల్లా మీద తువ్వాలు ఆరేశారు. ఒకింట్లో ముందు బియ్యం బస్తా నిలబెట్టారు. ఒకింట్లో ఏకంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పువ్వు తురిమారు. ఇదేంటమ్మా అంటే "మా పోచమ్మ తల్లి, తాకొద్దు" అంది ముసలావిడ. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

నవ్వు ఒక పక్క ఉన్నా, కంటికి కనపడింది చెప్పడం నా పని అనుకుని, ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు లేదంటున్నారు, నల్లా మాత్రం ఉంది అని.

"చూసింది రాయకూడదు, చెప్పింది రాయాలి," అన్నారు సాంబమూర్తిగారు. "కళ్ళకు పక్షపాతం ఉంటుందమ్మా."

అబిడ్స్, ఆదివారం

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటే, వాటి ముందు పేవ్‌మెంటంతా పాత పుస్తకాలు పరుస్తారు. వైద్యం పుస్తకం పక్కన వంటల పుస్తకం, దాని పక్కన ఎవరిదో పెళ్ళి ఆల్బం. ఒక పాత బీజగణితం రూపాయికి దొరికింది. లోపల ఎవరో కుర్రాడు లెక్కలన్నీ తప్పు చేసి పెట్టాడు, అందుకే అమ్మేసి ఉంటాడు. అక్కడే గొంతుక్కూర్చుని పుస్తకాలు చూస్తున్న సాంబమూర్తిగారు నన్ను చూడగానే లేచారు. మొహం వెలిగిపోతోంది.

"చూశారా అమ్మా! అన్ని ఇళ్ళలోనూ ఒకే జవాబు!"

"అవునండీ. అందరూ మాట్లాడుకుని చెప్పారు."

"ఎలా మాట్లాడుకుంటారు? వాళ్ళు పొరుగువాళ్ళు కారుగా. మధ్యలో రెండేసి ఇళ్ళు వదిలాం! పొరుగువాళ్ళయితే ఒకర్ని చూసి ఒకరు చెబుతారు. దూరం దూరంగా ఉన్నవాళ్ళందరూ ఒకే మాట అన్నారంటే అది సత్యమే."

గల్లీ మధ్యలో నిలబడి సత్తెమ్మ అరిచిన అరుపు ఏ ఇంటికి వినపడలేదంటారు అని అడిగాను. అరుపు సూత్రంలో లేదన్నారు. ఆ గల్లీ సంగతి అప్పుడే నీళ్ళ ఆఫీసుకు పంపించేశారట కూడా. పోన్లే, సత్తెమ్మకు నల్లా వస్తుంది కదా, అబద్ధమైతేనేం అనుకుని నేనూ ఊరుకున్నాను. తిరిగొచ్చి పిన్నితో చెబితే, "ఇక్కడివాళ్ళు అంతేనే" అంది, ఎవరిని అందో తెలియలేదు.

మళ్ళీ నాంపల్లి

సత్తెమ్మ కూతురు వచ్చింది. దవాఖానలో ఆడపిల్లను కని ఇంటికి చేరింది. చూసి రావడానికి ఒక జత గాజులు కొనుక్కుని వెళ్ళాను. గల్లీలో గోలగోలగా ఉంది. నీళ్ళ ఆఫీసు మనుషులు రంపాలు, పానాలు పట్టుకుని నడిమిళ్ళ గోడల దగ్గర కూర్చున్నారు. వీధి నల్లా వెయ్యడానికి కాదు. ఉన్న నల్లాలు కొయ్యడానికి.

అనసూయమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "ఏంది మీరు చేసేది? ఏండ్ల సంది బిల్లు కడ్తున్నం!"

"సర్వే ప్రకారం గీ గల్లీల నల్లాలే లేవమ్మా," అన్నాడు మేస్త్రీ. "లేని నల్లా ఉన్నదంటే అది దొంగ కనెక్షన్."

"మా తాతలనాటి నల్లా అయ్యా ఇది!"

"మరి లేదని నువ్వే చెప్పినవంట గదా? మీ నోటి మాటే రాసిన్రు. బిల్లు ఒక ఆఫీసు, సర్వే ఒక ఆఫీసు. మమ్ములేం అడుగకుండ్రి."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. బొట్టు పెట్టిన పోచమ్మను కూడా వదల్లేదు, దణ్ణం పెట్టుకుని కోశారు. ఇవ్వడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టే సర్కారు, తీసుకోవడానికి మాత్రం పరుగెత్తుకొస్తుంది. మరి వీధి నల్లా సంగతేమిటని మేస్త్రీనే అడిగాను.

"ఒక్కింటికి గూడ నల్లా లేదంటే గల్లీల పైపే లేదన్నట్టు. పైపు లేని గల్లీకి నల్లా ఎట్లేస్తరు తల్లీ? పైపు పడేదాంక నీళ్ళ బండి పంపుతరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కణ్ణుంచి తిన్నగా అబిడ్స్ మేడెక్కి, సాంబమూర్తిగారి ముందు నిలబడి, ఇంట్లో మా నాన్న ముందు ఏనాడూ వాడని మాటలు వాడాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. సర్వే మాది, కోత వాళ్ళది అన్నారు. ఇదే పద్ధతి ఇంకో ఊళ్ళో చెయ్యమని పిలుపొచ్చిందట, బట్టలు సర్దుకుంటున్నారు. ఆ సాయంత్రం నా చేత చివరి సంతకాలు పెట్టించుకుని ఆఫీసు మూసేశారు.

నీళ్ళ బండి

మర్నాడు నా రైలు. పెట్టెతో సహా ముందుగానే గల్లీకి వెళ్ళాను. నీళ్ళ బండి వచ్చి గల్లీ మొదట్లో, సత్తెమ్మ గుమ్మం ఎదురుగానే నిలబడింది. వరసలో మొదటి మనిషి సత్తెమ్మే. ఏళ్ళ తరబడి మోసిన చెయ్యి, చూస్తుండగానే రెండు బిందెలు నింపి లోపల పెట్టేసింది. స్టేషనుకు నడిచే పని తప్పింది. లోపల నీళ్ళు కాగుతున్నాయి, పసిపిల్ల ఏడుస్తోంది.

వరస మధ్యలో అనసూయమ్మ నిలబడి ఉంది. ఆవిడ ఇంట్లో మోసుకెళ్ళే బిందెలు లేవు, ఎప్పుడూ అవసరం పడలేదు. పెళ్ళినాటి పెద్ద ఇత్తడి గంగాళం తెచ్చుకుంది. అది నిండాక లేపలేక, వదిలి వెళ్ళలేక అలాగే నిలబడిపోయింది. వెనకవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆవిడ ఎవరినీ సాయం అడగలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

సత్తెమ్మ గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. తర్వాత చెంగు నడుముకు దోపి వెళ్ళి, గంగాళం రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ కలిసి లేపారు. సగం నీళ్ళు వీధిలో తొణికిస్తూ నడిమింటి గుమ్మం దాకా మోసుకెళ్ళారు. అనసూయమ్మ లోపలికి వెళ్ళిపోయింది. సత్తెమ్మ నడుం పట్టుకుని, చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"ఇగ రాసుకో బిడ్డా. ఇప్పుడు ఏ ఇంటికి పోయి అడిగినా ఒక్కటే జవాబు. నడిమిల్లు లేదు, పక్కిల్లు లేదు. ఇప్పుడన్న మమ్ముల అడగొచ్చు గదా?"

సర్వే నిన్ననే అయిపోయిందని చెప్పాను.